నడుము పట్టేసిందంటే... నాన్నకు ఒకటి, పిల్లలకు మరొకటి

1999 జనవరిలో చెన్నై టెస్టులో సచిన్ టెండూల్కర్ నడుము నొప్పితో విలవిల్లాడుతూనే పాకిస్తాన్ మీద 136 పరుగులు చేశాడు. అయినా మనం 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. 2010 అక్టోబరులో మొహాలీలో మన హైదరాబాదీ లక్ష్మణ్ నడుము పట్టేసినా, రన్నర్‌ని పెట్టుకుని 73 నాటౌట్‌గా నిలబడి, ఆస్ట్రేలియా మీద ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. ఈ కథలు పిల్లలకు గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా!

అయితే అది విన్న పదమూడేళ్ళ అమ్మాయో, అబ్బాయో "నొప్పి ఉన్నా ఓర్చుకుని ఆడెయ్యాలి కాబోలు" అనుకుంటే మాత్రం చిక్కే. అప్పటికి సచిన్‌కి 25 ఏళ్ళు, లక్ష్మణ్‌కి 35. ఎదుగుదల పూర్తయిన ఎముకలు వారివి. మన పిల్లలవి ఇంకా ఎదుగుతున్న ఎముకలు.

ఒకే మాట, వేరువేరు కారణాలు

వారమంతా కుర్చీలో, కారులో కూర్చుని, ఆదివారం ఒక్కసారిగా క్రికెట్ ఆడి వచ్చిన నాన్నగారు "నడుము పట్టేసింది" అంటారు. వారానికి నాలుగు రోజులు జిమ్నాస్టిక్స్‌కి వెళ్ళే కూతురు కూడా అదే మాట అంటుంది. ఇద్దరికీ అదే అమృతాంజనం, అదే వేడినీళ్ళ సంచీ, అదే మాత్ర. సాధారణంగా మన ఇళ్ళల్లో జరిగేది ఇదే.

కండరం బిగుసుకోవడం తరచుగా అసలు జబ్బు కాదు. లోపల కీలో, డిస్కో, ఎముకో ఇబ్బంది పడుతుంటే దాన్ని కదలనివ్వకుండా చుట్టూ ఉన్న కండరాలు కాపలా కాస్తాయి. ఆ కాపలానే మనం బిగుతు అంటాం. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఏ మందు రాయాలి?" అని కాదు, "దేనికి కాపలా కాస్తోంది?" అని.

బోస్టన్‌లోని ఒక క్రీడా వైద్య కేంద్రం డాక్టర్లు నడుము నొప్పితో వచ్చిన వందమంది టీనేజ్ పిల్లల్నీ, వందమంది పెద్దల్నీ పోల్చి 1995లో ప్రచురించారు. పిల్లల్లో 47 మందికి వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉంది. పెద్దల్లో అది ఉన్నది అయిదుగురికే! అది స్పెషలిస్టు దాకా వచ్చినవాళ్ళ లెక్క కనుక, నడుము నొప్పి అన్న ప్రతి పిల్లకీ ఎముక పగిలిందని కంగారు పడనక్కర్లేదు. కానీ "కండరమేలే" అని వదిలెయ్యకూడదని మాత్రం తేలింది.

ఆ పగులు ఎలా వస్తుంది?

నడుములో అయిదు వెన్నుపూసలుంటాయి. ఒక్కొక్క పూస వెనక భాగంలో, రెండు పక్కలా సన్నని వంతెనలాంటి ఎముక ఉంటుంది. వెనక్కి వంగుతూ నడుము తిప్పినప్పుడల్లా భారం దాని మీద పడుతుంది. తీగను అటూ ఇటూ వంచగా వంచగా తెగినట్టు, అది మెల్లగా చిట్లుతుంది. డాక్టర్లు దీన్ని స్పాండిలోలైసిస్ అంటారు. ఎక్కువగా వచ్చేది అన్నిటికన్నా కిందనున్న అయిదో పూసకే.

ఫాస్ట్ బౌలింగ్, జిమ్నాస్టిక్స్, టెన్నిస్ సర్వ్, డైవింగ్ అన్నిటిలోనూ ఈ వంపు ఉంది. కూచిపూడి, భరతనాట్యాల్లో అరమండిలో కూర్చున్నప్పుడు పొట్ట ముందుకు, నడుము లోపలికి పోయినా అంతే.

ఆస్ట్రేలియా బౌలర్ పాట్ కమిన్స్ 2011 నవంబరులో జొహానెస్‌బర్గ్‌లో 18 ఏళ్ళకే తొలి టెస్టు ఆడి 'మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్' అయ్యాడు. తరవాత వెన్నులో పగుళ్ళతో సహా గాయాల మీద గాయాలు. రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో, రాంచీలో! తరవాత ఆయన ఆస్ట్రేలియా కెప్టెన్ అయ్యాడన్నది మనకు ధైర్యం చెప్పే సంగతి. సమయం ఇస్తే ఈ గాయం నుంచి కోలుకోవచ్చు.

అమ్మానాన్నలు గమనించాల్సినవి

నొప్పి రెండు వారాలు దాటినా తగ్గకపోవడం, వెనక్కి వంగితే ఎక్కువ కావడం, ఆడితే వచ్చి ఆపితే తగ్గడం, తొడ వెనక కండరాలు బాగా బిగుసుకుపోవడం. వీటిలో ఏది ఉన్నా ఆట ఆపి పీడియాట్రిషన్‌కి చూపించండి. మొదట్లో ఈ పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎం.ఆర్.ఐ. అవసరం కావచ్చు. రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే రెండు వారాలు కూడా ఆగవద్దు. కాళ్ళలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా పిల్లలైనా పెద్దలైనా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

పగులు ఉందని తేలితే సాధారణంగా మూడు నెలలపాటు ఆటకు విరామం, తరవాత ఫిజికల్ థెరపీ. చాలామంది పిల్లలు తిరిగి ఆడతారు. పట్టించుకోకుండా ఆడిస్తే పగులు రెండు పక్కలా వచ్చి, పూస ముందుకు జారే ప్రమాదం ఉంది.

మొత్తం లెక్క మీ దగ్గరే

స్కూల్ కోచ్‌కి క్లబ్ ప్రాక్టీసు సంగతి తెలియదు. క్లబ్ కోచ్‌కి డ్యాన్స్ క్లాసు సంగతి తెలియదు. డ్యాన్స్ టీచరుగారికి ఈ రెండూ తెలియవు. వారమంతా కారు నడిపే అమ్మకో, నాన్నకో తప్ప మొత్తం లెక్క ఎవరికీ తెలియదు! అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా ఏమిటంటే, వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఏడాదిలో ఏ ఒక్క ఆటకైనా మొత్తం మీద మూడు నెలల సెలవు. కావాలంటే ఆ సెలవును నెలకొక విడతగా తీసుకోవచ్చు.

మరి నాన్నగారి సంగతి?

ఆయన నొప్పికి చాలాసార్లు మందు కదలికే. 1995లో ఫిన్లండ్‌లో చేసిన పరిశోధనలో, నడుము పట్టేసినప్పుడు రెండు రోజులు మంచం పట్టినవాళ్ళకన్నా ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. నొప్పి తగ్గాక చేతులూ మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచి పది సెకన్లు నిలపండి. తరవాత రెండో పక్క. రోజూ కొన్నిసార్లు చేస్తే ఆదివారం మ్యాచ్‌కి నడుము సిద్ధంగా ఉంటుంది.

మీ అబ్బాయో, అమ్మాయో "నడుము నొప్పి" అన్నప్పుడు మాత్ర ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి: "ఎన్నాళ్ళుగా? ఏం చేస్తే ఎక్కువవుతోంది?" టోర్నమెంట్ ముందు రోజైనా సరే, ఆ జవాబులు విన్నాకే బూట్లు కట్టుకోమనండి.