ద్రాక్షాసవముల రుచులు

ఎఱ్ఱని ద్రాక్షాసవమునకు రంగు రసమువలన గాక తొక్కవలన గలుగును. తొక్కతో పులియబెట్టినది ఎఱుపు. తొక్క దీసి రసమును మాత్రమే పులియబెట్టినది తెలుపు. ఐరోపాఖండపు ఆసవములు అయిదింటిని మేము పరీక్షకుల పద్ధతిని పుక్కిట బట్టి, రుచి గ్రహించి, ఉమిసివైచితిమి.

ఫ్రాన్సుదేశపు బోర్డో ఎఱుపు దోర నేరేడుపండువలె నాలుకను బిగించెను. ఈ వగరు తొక్కలనుండియు గింజలనుండియు దిగును. ఏండ్లు నిలువయున్నచో మెత్తపడును. ఇటలీదేశపు కియాంతియందు వగరుతోపాటు పులుపును హెచ్చు.

తెల్లనివానిలో ఫ్రాన్సుదేశపు షాబ్లీ నిమ్మరసమువలె పుల్లన. తీపి లేశమును లేదు. జర్మనీదేశమున మోజెల్ లోయయందలి పలకఱాతి వాలులపై పండు రీస్లింగు ద్రాక్షల యాసవమున పులుపును తీపియు సమముగ తూగినవి. బోర్డో ప్రాంతపు సోటెర్న్ తేనెవంటిది. ఒక విధమగు బూజు పట్టి పండ్లలోని నీరు హరించుటచే ఆ తీపి చిక్కబడును.

అయినను సోదరీమణులారా! రుచి వేఱు, హితము వేఱు. మద్యము స్త్రీలకు రొమ్ముక్యాన్సరు భయమును హెచ్చించును. గర్భస్థశిశువునకు హాని చేయును. ఎంత కొంచెమైనను నిరపాయమని చెప్ప వీలులేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023వ సంవత్సరమున ప్రకటించినది. ఆసవము పేరెంత గొప్పదైనను, అందలి మద్యము మద్యమే.