పదిహేను మిల్లీమీటర్ల బిళ్ళ

విజయవాడ ఆటోనగర్‌లో ఒక టైర్ల షాపు. జాకీ మీదికి ఎత్తిన ఫోక్స్‌వ్యాగన్ పోలో, గోడకు ఆనించిన ముందు చక్రం. మేస్త్రీ చేతిలో టిఫిన్ ప్లేటంత అల్యూమినియం బిళ్ళ ఉంది. దాని నడుమ పెద్ద రంధ్రం, చుట్టూ ఐదు చిన్న రంధ్రాలు, మందం 15 మిల్లీమీటర్లు. దాన్ని వీల్ స్పేసర్ అంటారు. హబ్‌కూ చక్రానికీ మధ్య పెడితే చక్రం ఆ మేరకు బయటికి వస్తుంది. మడ్‌గార్డు లోపల ముడుచుకున్న టైరు అంచుదాకా వచ్చి, కారు ఛాతీ విరుచుకుని నిలబడ్డట్టు కనిపిస్తుంది.

"పది నిమిషాల పనేగా అన్నా, పెట్టేయ్" అన్నాడు కారు తెచ్చిన కుర్రాడు. మేస్త్రీ బిళ్ళ పక్కన పెట్టి, వైరు బ్రష్షుతో హబ్ మొహం రుద్దడం మొదలుపెట్టాడు. ఎర్రటి పొడి జలజలా రాలింది. "ఇక్కడ ఇసుక రేణువంత తుప్పు మిగిలినా బోల్టు బిగువు అబద్ధం అయిపోద్ది తమ్ముడూ" అన్నాడు.

ఎద్దుల బండి చక్రం ఇరుసు మీద వదులుగా తిరుగుతుంది. అరగకుండా కందెన పూస్తారు, బయటికి జారకుండా ఇరుసు కొసన కడశీల కొడతారు. కారు చక్రం సంగతి వేరు. ఐదు బోల్టుల మీదే కారు బరువంతా వేలాడుతోందని చాలామంది అనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. బోల్టులు చేసేది అదమడం. పోలోకు 14 మిల్లీమీటర్ల బోల్టులు. వాటిని 120 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగించాలి. ఆ బిగువుకు ఒక్కో బోల్టు చక్రాన్ని హబ్‌కేసి సుమారు నాలుగు టన్నుల పైచిలుకు బలంతో నొక్కుతుంది. ఐదూ కలిస్తే ఇరవై టన్నులు దాటుతుంది. అంత నొక్కుడులో పుట్టే రాపిడే బ్రేకు దెబ్బనీ గుంతల దెబ్బనీ కాస్తుంది. మధ్యలో తుప్పు పొర ఉంటే పది కిలోమీటర్లు తిరిగేసరికి అది నలిగి పొడవుతుంది. ఆ వెంట్రుకవాసి ఖాళీకే బోల్టు సాగుడు సడలి, టన్నులు కరిగిపోతాయి. స్పేసర్ పెట్టాక రెండు మొహాలు కలిసే చోటు ఒకటికి రెండవుతుంది. మేస్త్రీ అంతసేపు రుద్దింది అందుకే.

చక్రాలను దూరం జరపాలన్న కోరిక షోకు కోసం పుట్టింది కాదు. 1946లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారీ మొదలైన హ్యారీ ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టరులో చక్రాల మధ్య దూరాన్ని 48 అంగుళాల నుంచి 76 దాకా నాలుగేసి అంగుళాల చొప్పున మార్చుకోవచ్చు. సాళ్ళ మధ్య ఎడం పంటకో రకంగా ఉంటుంది మరి. మన పత్తి చేలల్లో తిరిగే ట్రాక్టర్లకూ వెనక రిమ్ములు తిప్పి బిగించే వీలుంటుంది.

కార్ల లోకంలో ఈ మోజు రేపింది అమెరికా. 1959 పాంటియాక్ బాడీ వెడల్పయింది, కింద చక్రాలు మాత్రం లోపలికి నక్కి ఉన్నాయి. పెద్దాయన చంటివాడి చెప్పులు తొడుక్కున్నట్టుంది వ్యవహారం. పాంటియాక్ విభాగం అధిపతి బంకీ నూడ్సెన్ హయాంలో చక్రాలను సుమారు ఐదంగుళాలు ఎడం చేసి, దానికి 'వైడ్ ట్రాక్' అని పేరు పెట్టారు. బిళ్ళలు పెట్టలేదు, ఇరుసులనే వెడల్పు చేశారు. ఫిట్జ్‌పాట్రిక్, కాఫ్‌మన్ అనే చిత్రకారులు ఆ ప్రకటనల్లో కారును ఉన్నదానికంటే ఇంకా వెడల్పుగా గీశారు. ఆ బొమ్మలు చూసిన కళ్ళకు ఇరుకు కారు ఇక ఆనలేదు. 1970లలో పోర్షె 930 టర్బో వచ్చేసరికి, ఉబ్బిన వెనక మడ్‌గార్డులు నిండడానికి ఫ్యాక్టరీయే అల్యూమినియం స్పేసర్లు బిగించింది. అలా ఈ బిళ్ళకు పెద్దింటి మర్యాద దక్కింది.

జర్మనీ వాళ్ళు దీన్నో శాస్త్రంగా మార్చారు. అలాయ్ రిమ్ము మీద 'ఈటీ 40' లాంటి అంకె కనిపిస్తుంది. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమధ్య గీత గీస్తే, హబ్‌ను తాకే మొహం దానికి ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపు ఉందో ఆ అంకె చెబుతుంది. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. 15 బిళ్ళ పెడితే ఆ 40 కాస్తా 25 అవుతుంది. రెండు పక్కలా కలిపి చక్రాల ఎడం 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మలుపులో లోపలి చక్రం మీది బరువు బయటి చక్రానికి మారుతుందే, అది ఈ ఎడాన్ని బట్టి తగ్గుతుంది. ఒకటిన్నర మీటర్లలో 30 మిల్లీమీటర్లంటే రెండు శాతం. స్పేసర్ పెడితే కారు రోడ్డును అతుక్కుపోతుందని చెప్పేవాళ్ళు ఈ రెండు శాతం గురించే చెబుతున్నారు. స్టీరింగ్ పట్టుకుని ఆ తేడా కనిపెట్టగలవాళ్ళు నాకింకా తారసపడలేదు.

తేడా కనిపెట్టేది బేరింగు, స్టీరింగు. సెయింట్ లూయిస్‌లో గుర్రబ్బండ్లు చేసే హెన్రీ టిమ్కెన్ 1898లో కోసుగా చెక్కిన రోలర్ల బేరింగుకు పేటెంటు తీసుకున్నాడు. మలుపులో బండి పక్కకు తోసినా తట్టుకోవాలని అతని తాపత్రయం. ఇవాళ్టి హబ్ బేరింగులో రెండు వరుసల గుండ్లుంటాయి. బరువు రెంటికీ సర్దుకునేలా ఆఫ్‌సెట్ లెక్క వేస్తారు. చక్రం బయటికి జరిగితే బయటి వరుస మీద భారం ఎక్కువ పడుతుంది. గుండ్ల బేరింగుకు భారం పది శాతం పెరిగితే ఆయుష్షు పావు వంతు తరుగుతుంది.

స్టీరింగు కథ ఇంకొంచెం చిక్కు. ముందు చక్రం మళ్ళేటప్పుడు తిరిగే ఇరుసు రేఖను నేలదాకా పొడిగిస్తే, అది టైరు అడుగు మధ్య నుంచి కాస్త ఎడంగా తాకుతుంది. ఆ రేఖ టైరు మధ్యకు బయటి వైపు పడితే ఆ ఎడాన్ని నెగటివ్ అంటారు. 1972 ఆడీ 80 ఈ ఏర్పాటుకు పేరు తెచ్చింది. ఒక ముందు చక్రం తారు మీద, రెండోది బురదలో ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే బండి తారు వైపు లాగుతుంది. అదే బ్రేకు బలం ఆ చక్రాన్ని ఎదురు దిక్కుకు తిప్పి లాగుడును సరిచేస్తుంది. బాగానే ఉంది కానీ, ఆ ఎడం తరచూ పదో పరకో మిల్లీమీటర్లే. 15 బిళ్ళ పెట్టారనుకోండి, నెగటివ్ పాజిటివ్ అయిపోతుంది. అందుకే ముందు చక్రాలకు పల్చటి బిళ్ళ, వెనక వాటికి మందం అనే మాట నాకు సబబుగా తోస్తుంది.

మేస్త్రీ బిళ్ళ నడిమి రంధ్రాన్ని హబ్ ముట్టె మీద ఆనించి చూశాడు. పోలోకు అది 57.1 మిల్లీమీటర్లు. ఆ దశాంశం కూడా లెక్కే. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఈ చక్రం సెకనుకు సుమారు పదిహేను చుట్లు తిరుగుతుంది. టైరుతో కలిపి పదహారు కిలోల చక్రం అర మిల్లీమీటరు పక్కకు కూర్చుంటే, ప్రతి చుట్టుకూ ఏడు కిలోల బలంతో హబ్‌ను గుంజుతుంది. స్టీరింగ్ వణుకుతోందని బ్యాలెన్సింగ్ షాపులో సీసపు తూకాలు ఎన్ని అతికించినా ఆ జబ్బు పోదు.

కుర్రాడు పాత బోల్టులు అందించబోతే మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. వాటి మర పొడవు 27 మిల్లీమీటర్లు. బిళ్ళ మందం కలిపితే 42 కావాలి. మర ఒక్కో చుట్టుకూ ఒకటిన్నర మిల్లీమీటరు. అంటే పాతవే వాడితే పది చుట్ల పట్టు పోయినట్టు, ఇక మిగిలేదేమీ ఉండదు. అవసరానికి మించి పొడుగున్నా చిక్కే. వెనక డ్రమ్ములోకి పొడుచుకొచ్చి బ్రేకు షూ సామగ్రిని గీకుతుంది. బోల్టు తల కింది భాగం కూడా చూడాలి. ఈ బండికి అది గుండ్రంగా ఉండాలి. శంఖంలా కోసుగా ఉన్న బోల్టు అదే మరలోకి హాయిగా ఎక్కుతుంది, రిమ్మును మాత్రం ఒక సన్నటి గీత మీదే తాకుతుంది.

జర్మనీలో ఇలాంటి బిళ్ళతో పాటు పరీక్ష నివేదికో ఆమోద పత్రమో ఉండాలి. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చదివింది. ఆ ముక్క కుర్రాడి చెవిన వేస్తే నవ్వి ఊరుకున్నాడు.

ఇంకా నేలను తాకని చక్రానికి ఐదు బోల్టులూ ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించి, బండి నేలకు దించాక మేస్త్రీ టార్క్ రెంచి వేశాడు. "రేపు ఎనభై కిలోమీటర్లు తిరిగి మళ్ళీ రా" అన్నాడు. మర్నాడు కుర్రాడు వచ్చాడు. మొదటి నాలుగు బోల్టుల దగ్గర రెంచి కదలకుండానే టక్కుమంది. ఐదో దాని దగ్గర వేలెడు దూరం తిరిగాక టక్కుమంది.