పేపర్లో ఆమె పేరు దేనికి?

పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే ఇలాంటి వార్త మనందరి కంటా ఏదో ఒకరోజు పడే ఉంటుంది. "జూబ్లీహిల్స్‌లో వ్యభిచార గృహంపై దాడి. వర్ధమాన నటి అరెస్టు." పక్కనే ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకున్న అమ్మాయి ఫోటో. "ఛీ, ఏం పాడుబుద్ధులో!" అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ అమ్మాయి చేసిన నేరం ఏ సెక్షన్ కింద వస్తుందో, అసలు నేరం చేసిందో లేదో ఆలోచించం. ఇది మన పేజీల్లో రాయాల్సిన విషయమేనా అని ముక్కు చిట్లించకండి. ఇల్లు అద్దెకిచ్చేది మనం, పనిమనిషి కష్టసుఖాలు వినేది మనం, సినిమా ఛాన్సులంటూ తిరిగే ఆడపిల్లలు కూడా మనిళ్లలోని వాళ్లే.

మనలో చాలామంది ఒళ్లమ్ముకోవడమే నేరమనుకుంటారు. చట్టంలో ఆ మాట లేదు. దీనికి సంబంధించిన చట్టం 1956లో వచ్చింది. 1986లో దాన్ని సవరించి, పేరు అనైతిక వ్యాపార నిరోధక చట్టంగా మార్చారు. పోలీసు భాషలో 'పీటా కేసు' అంటారే, అదే ఇది. ఇందులో శిక్షలన్నీ ముఖ్యంగా చుట్టూ ఉన్నవాళ్లకే. వ్యభిచార గృహం నడిపేవాళ్లు, అమ్మాయిల్ని కుదిర్చే బ్రోకర్లు, నిర్బంధించి ఉంచేవాళ్లు, ఆ సంపాదన మీద బతికేవాళ్లు. స్త్రీకి శిక్షపడేది ప్రధానంగా రెండు సందర్భాల్లో. గుడి, బడి, ఆస్పత్రి, హాస్టల్ లాంటి చోట్లకి 200 మీటర్ల లోపల ఈ పని చేయడం ఒకటి. వీధిలో నిలబడి గానీ, కిటికీలోంచో బాల్కనీలోంచో కనబడేట్టు గానీ మగవాళ్లని పిలవడం రెండోది. ఒక్క స్త్రీ, మరెవరి లాభం కోసమూ కాకుండా, తన గదిలో తానుంటే చట్టం దాన్ని వ్యభిచార గృహం అనదు.

చట్టం అంతా సవ్యంగా ఉందని కాదు. 'సంపాదన మీద బతకడం' అన్న సెక్షన్ 18 ఏళ్లు నిండిన ఎవరికైనా వర్తిస్తుంది. ఆమె ఫీజు కట్టి చదివిస్తున్న కాలేజీ కొడుకు, మంచంలో ఉన్న ముసలి తల్లి కూడా అందులోకి వచ్చే వీలుంది. బ్రోకర్ కోసం పన్నిన వల ఇంట్లోవాళ్ల మీద కూడా పడుతుందన్నమాట.

ఇళ్లున్నవాళ్లకి ఓ మాట. సంగతి తెలిసి అద్దెకిస్తే మొదటిసారి రెండేళ్ల దాకా జైలు. "నాకేం తెలుసండీ" అంటే సరిపోదు. ఆ ఇంట్లో సోదా జరిగిందని, అక్కడ ఈ వ్యాపారం సాగుతున్నట్టు తేలిందని ఆ ప్రాంతపు పేపర్లో వస్తే ఓనరుకి తెలిసినట్టే లెక్క. తెలియదని నిరూపించుకునే బాధ్యత ఓనరుదే.

సోదాకి వస్తే...

ఈ చట్టం కింద సోదా చేసేటప్పుడు కనీసం ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. ఆమెని ప్రశ్నించాల్సింది మహిళా అధికారే. అలాంటివారు దొరక్కపోతే గుర్తింపు ఉన్న సంక్షేమ సంస్థ నుంచి ఒక స్త్రీ పక్కన ఉండాలి. తర్వాత మేజిస్ట్రేటు ముందుకి తీసుకెళ్లాలి. ఆమె వయసు, ఇంటి పరిస్థితి విచారించి, అవసరమనుకుంటే ఏడాది నుంచి మూడేళ్ల దాకా రక్షణ గృహంలో ఉంచమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఆ విచారణలో సాయపడటానికి ఐదుగురు పెద్దమనుషుల్ని పిలవొచ్చని, వీలైనంతవరకు అందులో ముగ్గురు స్త్రీలు ఉండాలని కూడా చట్టంలో ఉంది. ఆ ముగ్గురూ మనలాంటివాళ్లే కావచ్చు కదా!

'రక్షణ గృహం' అన్న మాట చెవికి చల్లగానే ఉంటుంది. తన ఇష్టం లేకుండా లోపలున్న మనిషికి అది తాళం వేసిన ఇల్లే.

2014లో బంజారాహిల్స్‌లోని ఓ పెద్ద హోటల్లో పోలీసులు దాడి చేసి ఒక యువ నటిని పట్టుకున్నారు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, ఈ వ్యాసం ఎందుకో ఆ పేరు ఎందుకు లేదో రెండూ ఒకటే. ఆ తర్వాత దేశమంతా ఆమె పేరు, ఫోటో. డబ్బు లేక ఈ దారి పట్టానని ఆమె చెప్పినట్టు ఒక ప్రకటన కూడా అచ్చయింది. సుమారు రెండు నెలలు ఆమె హోమ్‌లో ఉంది. డిసెంబరులో నాంపల్లి కోర్టు ఆమె మీద ఆరోపణలు కొట్టేసింది. బయటికొచ్చాక ఆమె చెప్పిందేమిటంటే, ఆ ప్రకటన తనది కాదు, హోమ్‌లో ఉన్న తనకి విలేకరులతో మాట్లాడే అవకాశమే లేదు, హైదరాబాద్ వచ్చింది ఒక అవార్డు ఫంక్షన్ కోసం. మొదటి రోజు వార్తల్లో మగవాళ్ల గురించి 'వ్యాపారవేత్తలు' అని రాసి ఊరుకున్నారు. అరెస్టుకి దొరికినంత చోటు కోర్టు తీర్పుకి దొరకలేదు.

సుప్రీంకోర్టు ఏమంది?

1999లో కలకత్తాలో ఒక సెక్స్ వర్కర్ హత్య జరిగింది. నిందితుడి అప్పీలు 2011లో కొట్టేసినా, ఈ స్త్రీల బతుకుల సంగతేమిటని సుప్రీంకోర్టు అక్కడితో వదల్లేదు. ఒక ప్యానెల్‌ని వేసింది. అందులో కలకత్తా సెక్స్ వర్కర్ల సంఘం 'దుర్బార్'కి కూడా చోటిచ్చారు. చివరికి 2022 మే 19న రాష్ట్రాలకి ఆదేశాలు ఇచ్చింది. గౌరవంగా బతికే హక్కు వీళ్లకీ ఉంది. పోలీసులు నోటితో గానీ చేత్తో గానీ హింసించకూడదు. ఆమె మీద అత్యాచారం జరిగితే ఏ స్త్రీకైనా అందే వైద్యం, సాయం ఆమెకీ అందాలి. కండోమ్ దొరికితే దాన్ని నేరానికి సాక్ష్యంగా చూపకూడదు. ఇష్టం లేకుండా హోముల్లో ఉంచిన పెద్దవయసు స్త్రీలెవరో లెక్క తీసి విడుదలకి చూడాలి. దాడుల్లో ఆమె ముద్దాయి అయినా, బాధితురాలు అయినా పేరు, ఫోటో, ఆచూకీ బయటపెట్టకుండా పత్రికలు, టీవీలు జాగ్రత్తపడాలి.

2023 ఆగస్టులో న్యాయమూర్తుల కోసం వేసిన ఒక పుస్తకంలో తీర్పుల్లో 'వేశ్య' లాంటి మాటలకి బదులు 'సెక్స్ వర్కర్' అనమని కూడా చెప్పారు. ఒక్క మాట మారితే ఏమవుతుంది అంటారా? మనింటికి చాకిరీకి వచ్చేవాళ్లని ఏమని పిలుస్తామో, ఎలా చూస్తామో రెండూ ఒకదాన్నొకటి అంటుకునే ఉంటాయిగా.

ఛాన్స్ ఇప్పిస్తానంటే

ఫిలింనగర్ సంగతికొద్దాం. కృష్ణానగర్ అద్దె గదుల్లో ఉండి, ఏజెంటు ఫోను కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులకి ఈ రెండు సెక్షన్లు బాగా తెలియాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగమో ప్రమోషనో ఇప్పిస్తానని అబద్ధపు ఆశ చూపి శారీరక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు. మోసంతోనో, బెదిరించో, అధికారాన్ని అడ్డుపెట్టుకునో ఈ రొంపిలోకి దింపితే 143వ సెక్షన్. ఏడేళ్లకి తగ్గకుండా శిక్ష. "ఆమే ఒప్పుకుంది" అన్న వాదన అక్కడ చెల్లదు. 18 ఏళ్లలోపు పిల్లయితే శిక్ష ఇంకా ఎక్కువ.

2018లో చికాగోలో బయటపడ్డ కేసు గుర్తుందా? తెలుగువాళ్ల సాంస్కృతిక కార్యక్రమాలకని చెప్పి ఇక్కణ్ణుంచి నటీమణుల్ని తీసుకెళ్లారని అమెరికా పోలీసులు ఒక తెలుగు జంట మీద కేసు పెట్టారు. కోర్టు కాగితాల్లో ఆ జంట పేర్లున్నాయి. అమ్మాయిల్ని మాత్రం ఎ, బి, సి అని అక్షరాలతో రాశారు.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఫిలిం ఛాంబర్ ముందు ఒక నటి నిరసన తెలిపాక మన పరిశ్రమలో లైంగిక వేధింపుల మాట బహిరంగంగా వచ్చింది. 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ నివేదిక బయటపెట్టమని 2024 ఆగస్టులో కూడా సమంత అడగాల్సి వచ్చింది.

ఎవరినడగాలి?

1996లో పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహెందీ ఖాళీ చేయించినప్పుడు అక్కడి స్త్రీలు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. వాళ్ల పిల్లలు ఆ వృత్తిలోకి పోకూడదని సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ ఖాళీ అయిన ఆ ఇళ్లలోనే బడి పెట్టారు. అదే 'ప్రజ్వల'. బలవంతంగా తెచ్చినవాళ్లని విడిపించి, పని నేర్పి నిలబెట్టడం వాళ్ల పద్ధతి. 'దుర్బార్' లాంటి సంఘాలేమో మమ్మల్ని విడిపించొద్దు, మా హక్కులు మాకివ్వండి అంటాయి. పదిహేనేళ్ల పిల్ల విషయంలో మొదటి మాట, నలభై ఏళ్ల మనిషి విషయంలో రెండో మాట నాకు న్యాయంగా కనిపిస్తాయి.

అవసరం వస్తే ఈ నంబర్లు రాసిపెట్టుకోండి. మహిళల హెల్ప్‌లైన్ 181. అత్యవసరమైతే 112. పిల్లల విషయమైతే 1098. హెచ్‌ఐవీ గురించి అడగడానికి 1097. పోలీసు, డాక్టరు, లాయరు సాయం ఒకేచోట దొరికే 'సఖి' కేంద్రాలున్నాయి. లైంగిక హింసకి గురైన స్త్రీలకి, పిల్లలకి హైదరాబాద్‌లో 2016లో 'భరోసా' కేంద్రం పెట్టారు.

రేషన్, ఆధార్ లేక ఇబ్బందిపడే స్త్రీలకి కోర్టు దారి చూపింది. కరోనా రోజుల్లో, 2020 సెప్టెంబరులో, గుర్తింపు కాగితాలు అడక్కుండా వీళ్లకి సరుకులివ్వమంది. 2022లో ఆధార్‌కి ఇంటి చిరునామా రుజువు లేకపోయినా ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ధ్రువపత్రం చాలంది. కార్డు మీద ఆమె వృత్తి తెలిసే గుర్తేదీ ఉండకూడదు.

ఇక లాయరు ఖర్చు. 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకి తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు, 15100కి ఫోన్ చేసినా చాలు. ఆమె ఏ పని చేస్తుందన్నది అక్కడ అర్హతకి అడ్డు కాదు.