గౌలిగూడ పాత బస్టాండ్‌ని కార్డు మీద దింపుదాం: రబ్బర్ స్టాంపు, వాటర్‌కలర్

ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. ఈ నెలాఖరుకి రిటైర్ అయితుండు. ఫస్ట్ డ్యూటీ గౌలిగూడ బస్టాండ్ నుంచే ఎక్కిండంట. ఒకసారి అక్కడికి తీసుకపోదామంటే ఆ షెడ్డే లేదు. దాని బొమ్మతో గ్రీటింగ్ కార్డు చేద్దామని కూర్చున్నా. స్టాంపు కొట్టి వాటర్‌కలర్ వేయగానే ఇంకంతా కారిపోయింది. ఏం చేయాలె?" ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ముందు ఆ షెడ్డు సంగతి. మన ఏజ్ వాళ్లకి బస్టాండ్ అంటే ఎంజీబీఎస్. అది వచ్చింది 1994లో. అంతకుముందు జిల్లాల బస్సులకి సెంటర్ దాని దగ్గర్లోనే ఉన్న గౌలిగూడ. అమెరికాలో బట్లర్ కంపెనీ చేసిన పెద్ద రేకుల హ్యాంగర్ అది, విమానాల కోసం చేసింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో బస్సు సర్వీసు మొదలుపెట్టారు. ఇవాళ్టి ఆర్టీసీకి మొదలు అదే. విమానాల షెడ్డు బస్సుల షెడ్డు అయింది. 2018 జూలై 5న తెల్లవారుజామున ఆ షెడ్డు కుప్పకూలింది. పాతబడిపోయిందని ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు.

స్టాంపు చేయడానికి ఇంతకంటే ఈజీ బిల్డింగ్ దొరకదు. డ్రమ్ముని నిలువునా సగానికి కోసి నేల మీద బోర్లించినట్టు ఉంటుంది. ఒక అర్ధచంద్రాకారం, పైన రేకుల గీతలు, ముందు పెద్ద నోరు. అంతే. చార్మినార్ చెక్కమంటే నేనే పారిపోతాను.

డ్రాయింగ్ షాపులో దొరికే పెద్ద ఎరేజర్ తీసుకోండి. బొమ్మని ట్రేసింగ్ పేపర్ మీద మెత్తటి పెన్సిల్‌తో గీసి, గీసిన వైపు ఎరేజర్ మీద బోర్లించి గోరుతో రుద్దండి. బొమ్మ తిరగబడి ఎక్కుతుంది. స్టాంపు కొట్టినప్పుడు ఇంకోసారి తిరగబడుతుంది. కోడింగ్ చేసేవాళ్లకి తెలుసు, రెండుసార్లు "నాట్" పెడితే మొదటి విలువే వస్తుంది. "గౌలిగూడ" అని అక్షరాలు పెట్టాలన్నా ఇదే పద్ధతి, ఉల్టా రాసే కష్టం ఉండదు. తెల్లగా ఉండాల్సిన చోట కటర్‌తో తీసేయండి. బ్లేడు గీతకి బయటివైపు వాలి ఉండాలి, అప్పుడు గీత కింద మందంగా, గట్టిగా నిలబడుతుంది. లోపలికి వాల్చి కోస్తే నాలుగోసారి కొట్టేటప్పటికి గీత వంగిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రాబ్లం: ఇంకు ఎందుకు కారింది? ఆఫీసు స్టాంప్ ప్యాడ్‌లో మామూలుగా ఉండేది నీళ్లలో కరిగే ఇంకు. ఎండిపోయింది కదా అనుకుంటాం, తడి బ్రష్ తగలగానే మళ్లీ కరుగుతుంది. రంగు తప్పు కాదు, బ్రష్ తప్పు కాదు.

ఈ సమస్యని మన కలంకారీ వాళ్లు ఎప్పుడో తేల్చేశారు. పెడన, మచిలీపట్నం వైపు టేకు చెక్క అచ్చులతో ముందు గీతలు అద్దుతారు, తర్వాత రంగులు. గుడ్డని ముందే కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. నల్ల రంగేమో పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు. ఆ ఇనుము, కరక్కాయలోని టానిన్ కలిస్తే నీళ్లలో కరగని నలుపు పుడుతుంది. కలంతో గీసే శ్రీకాళహస్తి పనిలో కరక్కాయకి పాలు కూడా కలుపుతారు, గీత పక్కకి పాకకుండా. వాటర్‌కలర్ పేపర్ తయారీలో జిగురు పట్టించేది కూడా ఇందుకే. నీళ్లు ఎక్కడ ఆగాలో గీత, కాగితం రెండూ ముందే ఒప్పుకోవాలి.

1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన, అమ్మకానికి వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు కూడా ఇదే వరస: గీతలు ప్రెస్‌లో అచ్చు, రంగులు చేత్తో.

మన దగ్గర దారులు రెండు. ఒకటి, వాటర్‌ప్రూఫ్ పిగ్మెంట్ ఇంకు ప్యాడ్ కొనడం. దొరక్కపోతే నల్ల అక్రిలిక్ కలర్‌ని స్పాంజితో స్టాంపు మీద పల్చగా అద్ది కొట్టండి. అక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొరలాగా అవుతుంది, నీళ్లకి కదలదు. కాకపోతే స్టాంపుని వెంటనే కడగాలి, లేదంటే గీతల మధ్య గట్టిపడిపోతుంది. రెండో దారి ఆర్డర్ మార్చడం: ముందు రంగులు, బాగా ఆరాక పైన మామూలు ప్యాడ్‌తోనే స్టాంపు. ఖర్చు లేదు, కానీ గీత లేకుండా రంగు ఎక్కడ వేయాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. నా ఓటు అక్రిలిక్‌కే. ఏదైనా సరే, ముందు అదే కాగితం ముక్క మీద కొట్టి, ఆరనిచ్చి, తడి బ్రష్‌తో రుద్ది చూడండి.

కాగితం దగ్గర పిసినారితనం వద్దు. జిరాక్స్ పేపర్ 70, 80 జీఎస్‌ఎం ఉంటుంది. తడి తగలగానే నారలు ఉబ్బి అప్పడంలాగా లేస్తుంది. 300 జీఎస్‌ఎం వాటర్‌కలర్ షీట్ తీసుకోండి. గౌలిగూడ నుంచి నయాపూల్ దాటితే ఛత్తా బజార్, మన సిటీలో పెళ్లి కార్డులకి పేరున్న బజార్. అక్కడ మెరిసే కార్డు బోర్డులు చూసి టెంప్ట్ అవుతారు. కవర్‌కి వాడుకోండి, పెయింటింగ్‌కి వద్దు. కోటింగ్ ఉన్న కాగితం నీళ్లని పీల్చదు, రంగు చుక్కలు చుక్కలుగా పైనే నిలబడిపోతుంది.

వాటర్‌కలర్ షీట్‌లో గరుకు రకం మీద స్టాంపు మచ్చలు మచ్చలుగా పడుతుంది. నున్నటి రకం, అంటే హాట్ ప్రెస్, అడిగితే క్లీన్‌గా వస్తుంది. మన షెడ్డుకి మాత్రం ఆ మచ్చలే బాగుంటాయి, తుప్పు పట్టిన రేకులాగా.

షీట్ నాలుగు వైపులా మాస్కింగ్ టేప్‌తో అట్టకి అతికించండి. స్టాంపు కొట్టి ఆరాక, షెడ్డు చుట్టూ ఆకాశానికి నీళ్లు రాసి ఆ తడి మీదే పల్చటి నీలం వదలండి, అదే పాకుతుంది. మీరు గెలకొద్దు. షెడ్డుకి బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ కలిపితే బూడిద రంగు. నీలం ఎక్కువైతే కొత్త రేకు, గోధుమ ఎక్కువైతే తుప్పు. ఇది పూర్తిగా ఆరాకే ఎర్రబస్సు. తొందరపడితే ఎరుపు షెడ్డులోకి పాకి బస్సు తగలబడుతున్నట్టు కనిపిస్తుంది. రిటైర్మెంట్ కార్డు మీద అది అస్సలు వద్దు.

టేప్ మర్నాడు తీయండి. మడత పెట్టే ముందు షీట్‌ని రెండు వైపులా కొంచెం వంచి చూడండి, ఏ వైపు ఈజీగా వంగితే అటే మడత. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేల్ పెట్టి గట్టిగా ఒక గీత లాగి మడవండి, అంచు పగలదు.

లోపల రాయడానికి నీళ్లకి కరిగే జెల్ పెన్ను వద్దు, బాల్‌పెన్ను చాలు. "హ్యాపీ రిటైర్మెంట్" అని అందరూ రాస్తారు. ఆ మొదటి డ్యూటీ ఏ ఊరి బస్సో, ఏ తారీఖో రాయి చెల్లీ. అమ్మని అడుగు, నాన్నని అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది.