చిత్రశాలలయందలి శీతోష్ణనియమము

చిత్రములను, ప్రతిమలను, ప్రాచీనగ్రంథములను జెడకుండఁ గాపాడి ముందుతరములవారి కప్పగించుట చిత్రశాలలకును వస్తుప్రదర్శనశాలలకును బ్రధానధర్మము. ఈ ధర్మమును నెఱవేర్చుటకై ఐరోపా, అమెరికా ఖండములయందలి గొప్పశాలలు రెండవ మహాయుద్ధానంతరమున నొక శీతోష్ణనియమము నేర్పఱచుకొని, దానిని బాటించుటకు రేయుఁబగలు యంత్రములను నడపుచు వచ్చినవి. ఆ యంత్రములకుఁ గావలసిన శక్తి చాలవఱకు బొగ్గును, నూనెను, సహజవాయువును గాల్చుటవలనఁ గలిగినది. ఆ కాల్చుటచేఁ బుట్టు బొగ్గుపులుసు వాయువు భూమండలపు వేఁడిమిని బెంచుచున్నదని శాస్త్రజ్ఞులు నిర్ణయించి యున్నారు. కాఁబట్టి ముందుతరములవారికై వస్తువులను గాపాడు ప్రయత్నమే యా తరములవారు నివసింపవలసిన భూమికిఁ గీడు సేయుచున్నదా యను ప్రశ్న పుట్టినది. ఆ నియమ మెట్లు పుట్టెనో, యెట్లు వ్యాపించెనో, నేఁడు శాలలవారు దాని నేల సడలించుచున్నారో యిచట విచారింపఁబడును.

మొదటఁ దేమనుగూర్చి కొంత తెలియవలెను. గాలి తన వేఁడిమినిబట్టి నీటియావిరిని దనయందు నిలుపుకొనును. వేఁడిగాలి యెక్కువ నిలుపును. చల్లనిగాలి తక్కువ నిలుపును. ఒకానొక వేఁడిమియందు గాలి నిలుపఁగల యావిరిని నూఱుపాళ్లుగా నెంచి, యందు నిజముగా నున్నది యెన్నిపాళ్లో చెప్పు సంఖ్యకు సాపేక్షార్ద్రత యని పేరు. గదిలోనికి నీటిని జేర్పకయే గాలిని వేఁడిచేసినచో నీ సంఖ్య తగ్గును, చల్లార్చినచోఁ బెరుగును. కొయ్య, కాగితము, చర్మము, దంతము, జిగురు, తాటియాకు మున్నగునవి గాలియందలి తేమను బీల్చుకొని యుబ్బును. గాలి పొడియైనపుడు తేమను విడిచి కుంచించుకొనును. కొయ్యపలకపై లేపనము పూసి దానిపై రంగులు వేసిన చిత్రమునందుఁ బలక యొకరీతిగను, లేపనము వేఱొకరీతిగను గదలును. ఆ కదలిక మితిమీఱినచో రంగుపొర పొక్కి, పగిలి, పెచ్చులుగా రాలును. మఱియుఁ దేమ 70, 75 పాళ్లను మించి చాలకాలము నిలిచినచో బూజు పట్టును. ఇంతవఱకు వివాదము లేదు. ఎంతటి కదలిక మితిమీఱినదగు ననుటయందే వివాదము.

ఈ విషయమున శాలలవారికిఁ దొలిపాఠములు యుద్ధములవలన లభించినవి. మొదటి మహాయుద్ధకాలమున లండను నగరమందలి బ్రిటిషు మ్యూజియమువారు బాంబులభయముచేఁ దమ వస్తువులఁ గొన్నింటిని భూగర్భపు రైలుసొరంగములయందు దాఁచిరి. యుద్ధము ముగిసినపిమ్మట వెలికిఁదీసి చూడఁగా నినుపవస్తువులు త్రుప్పుపట్టియు, కంచువస్తువులు చిలుముపట్టియుఁ గనఁబడెను. అందుచే 1920 ప్రాంతమున అలెగ్జాండరు స్కాటు అను రసాయనశాస్త్రజ్ఞుని చేతిక్రింద నా మ్యూజియమునకుఁ బరిశోధనశాల యొకటి వెలసెను.

రెండవ మహాయుద్ధ మారంభమైనపుడు లండనునందలి నేషనల్ గ్యాలరీ చిత్రములు 1939లో వేల్సు దేశమునకుఁ బంపఁబడి, 1941లో మానడు కొండయందలి పలకఱాతిగని లోపలికిఁ జేర్పఁబడెను. గనిలో నిటుకగదులు గట్టి, యచటి చెమ్మగాలిని మితముగా వేఁడిచేసి, వేఁడిమియుఁ దేమయు నించుమించు మాఱకుండ నిలిపిరి. అచట నున్న యేండ్లలోఁ జిత్రములకుఁ బొక్కులు లేచుట చాలవఱకు నిలిచిపోయెను. 1945లో లండనునకుఁ దిరిగివచ్చినపిదప నా పొక్కులు మరలఁ గనఁబడసాగెను. నిలుకడగల గాలియే చిత్రమునకు రక్షయని యీ యనుభవము బోధించెను. అయితే నిది బోధించినది నిలుకడ మేలని మాత్రమే. ఎంతటి నిలుకడ చాలును, ఎంత చలనమునకు వస్తు వోర్చును అను సంఖ్యను మానడు గని చెప్పలేదు.

ఆ సంఖ్య తరువాత వచ్చినది. నేషనల్ గ్యాలరీ శాస్త్రవిభాగమునకుఁ బెద్దయైన గ్యారీ టామ్సను 1978లో మ్యూజియముల వాతావరణమును గూర్చి యొక గ్రంథమును బ్రకటించెను. ప్రధానమైన శాలలయందు సాపేక్షార్ద్రత 50 గాని 55 గాని యుండవలెననియు, నది పైకిని గ్రిందికిని 5 పాళ్లకు మించి చలింపరాదనియు నతఁడు చెప్పెను. ఇతరశాలలకు 40 మొదలు 70 వఱకు నుండవచ్చునని యతఁడే రెండవతరగతి నియమమును గూడఁ జెప్పెను. అంతియకాదు, ఈ 5 పాళ్ల హద్దు యంత్రములు సాధింపఁగల దానినిబట్టి యేర్పడినదే కాని, చిన్నచిన్న మార్పులు వస్తువులకుఁ జేయు హానిని లోఁతుగా నెఱిఁగి యేర్పఱచినది కాదని యతఁడే యొప్పుకొనెను. కాని లోకమున సూత్రము వ్యాపించినది, వృత్తి మఱవఁబడినది. 50 పాళ్ల తేమ, 20 అంశముల వేఁడిమి యనునవి యెరువుపత్రములయందలి షరతులై, యొకశాలనుండి యింకొకశాలకుఁ జిత్రము పోవలెనన్న ముందుగాఁ జూపవలసిన యోగ్యతాపత్రములైనవి. యంత్రముయొక్క శక్తిని దెలుపు సంఖ్య వస్తువుయొక్క యవసరమును దెలుపు సంఖ్యగా భ్రమింపఁబడెను.

ఈ భ్రమకు వెల యెంతయో గ్రహించుటకు యంత్రము పనిచేయు తీరు తెలియవలెను. గాలిలోని తేమను దీసివేయుటకు సామాన్యముగా దానిని నీటిబిందువులు పుట్టునంతవఱకుఁ జల్లార్చి, యా నీటిని వెలికిఁ బంపి, పిదప గాలిని మరల దగిన వేఁడిమికిఁ దేవలెను. ఒకే గాలిని మొదటఁ జల్లార్చుటయు, వెనువెంటనే వేఁడిచేయుటయు నని రెండుపనులకు శక్తి వ్యయమగును. హద్దు లెంత యిఱుకైన నా రెండుపను లంత తఱచుగా జరుగవలెను. చూపఱు లెవ్వరును లేని యర్ధరాత్రమునందును విరామము లేదు. చలిదేశములయందు శీతకాలమున దీనికి విపరీతముగా గాలికిఁ దేమను జేర్పవలసివచ్చును. ఆ తేమ ప్రాఁతకట్టడముల చల్లనిగోడలయందుఁ జేరి నీరై, వస్తువును గాపాడఁబోయి వస్తువున్న భవనమును జెఱచుటయుఁ గలదు.

భూతాపమువలనఁ గలుగు కీడు శాలలకు దూరమందున్నది కాదు. 2016 జూను మాసమున సేను నది పొంగినపుడు ప్యారిసు నగరమందలి లూవ్రు శాలను మూసివేసి, క్రిందిగదులయందలి వస్తువులను హుటాహుటిగాఁ బైకిఁ జేర్చిరి. వరదభయమునఁ బడిన వస్తువులకై యుత్తరదిక్కున లియేవె పట్టణముననొక సంరక్షణకేంద్రమును గట్టి 2019లోఁ దెఱచిరి. ఒక్కొక్క వఱదకుఁ గారణమిది యని వ్రేలు చూపుట కష్టమైనను, వేఁడెక్కిన గాలి యధికమైన యావిరిని మోసి, కుండపోత వానలను బెంచునని శాస్త్రము చెప్పుచున్నది.

సంరక్షణశాస్త్రజ్ఞులు మాత్ర మా సంఖ్యను జిరకాలముక్రిందటనే శంకించిరి. అమెరికాయందలి స్మిత్సోనియను సంస్థలోని పరిశోధకులు కొయ్య, జిగురు, రంగు మున్నగువాని సాగుడును, విఱుగుడును గొలిచి, చాల వస్తువులు మునుపు తలఁచిన దానికంటె విశాలమైన హద్దులలో హానిలేక యుండఁగలవని 1994లోఁ దెలిపిరి. దానిపై గొప్పవివాదము చెలరేఁగెను. కెనడాదేశపు సంరక్షణసంస్థయందలి స్టెఫాన్ మిఖాల్‌స్కీ యింకొక యుక్తిని జూపెను. ఒక వస్తువు గతకాలమున నెంతటి తేమమార్పునకు లోనై నిలిచినదో, యంతకుఁ దక్కువైన మార్పువలన దానికిఁ గ్రొత్తగాఁ గలుగు హాని మిక్కిలి స్వల్ప మని యాతని సిద్ధాంతము. పగులవలసిన చోట నది మునుపే పగిలినది. ఆ పగులే యిపుడు కదలికకుఁ జోటిచ్చును. అయితే పగుళ్లను బూడ్చి, క్రొత్తగా నతికి బాగుచేసిన వస్తువున కీ యుక్తి చెల్లదు. ఏలయన దాని గతచరిత్ర యా మరమ్మతుతో ముగిసి, క్రొత్తచరిత్ర యారంభమైనది.

ఈ విచారము శాలల పరిపాలకులయొద్దకుఁ బోవుటకు మఱి కొంతకాలము పట్టెను. గొప్ప ప్రదర్శనముల నేర్పాటుచేయు శాలల యధిపతులు 1992లో నొక సంఘముగాఁ గూడిరి. దానిని స్థాపించిన యిరేను బిజో పేరిట నది బిజో సంఘమని పిలువఁబడుచున్నది. తేమను బీల్చు వస్తువులలోఁ బెక్కింటికి సాపేక్షార్ద్రత 40 మొదలు 60 వఱకును, వేఁడిమి 16 మొదలు 25 అంశములవఱకును నుండవచ్చుననియు, నొకదినములో మార్పు 10 పాళ్లకు మించకున్నఁ జాలుననియు నీ సంఘ మంగీకరించి, 2015 నాఁటికి హరితనియమావళి నేర్పఱచెను. 2023లో దానిని సవరించి, శాలలు దీని నాచరణమునఁ బెట్టవలెనని మరల నొక్కిచెప్పెను. 2014లో సంరక్షకుల రెండు సార్వదేశికసంఘములు కూడి చేసిన ప్రకటనమునందు మఱి రెండంశములు గలవు. నియమము స్థానిక వాతావరణమున సాధింపఁదగినదిగా నుండవలెననుట యొకటి. ప్రతిశాలయుఁ దనలో నిజముగా నున్న తేమను, వేఁడిమిని దాఁపఱికము లేక వెల్లడింపవలెననుట రెండవది. ఈ రెండవయంశము మిక్కిలి ముఖ్యము. తాము పాటింపలేని నియమమును దమయొద్ద నెరువుపుచ్చుకొనువారిపై విధించుట న్యాయము కాదు గదా.

ఇంగ్లండు దేశపు కళాపరిషత్తు 2012 మొదలు తాను నిలుకడగా ధనమిచ్చు సంస్థలు తమ శక్తివ్యయపు లెక్కలను సమర్పింపవలెనని షరతు పెట్టెను. లెక్క వ్రాయనారంభించిన పిమ్మటఁ గాని యే శాలకైనను దన వ్యయ మెందుఁ బోవుచున్నదో తెలియదు. 2019 జూలైలో టేట్ శాలలవారు వాతావరణమున కత్యవసరస్థితి యేర్పడినదని ప్రకటించిరి. పెక్కు కళాసంస్థ లట్టి ప్రకటనములనే చేసినవి. ప్రకటనము సులభము. నిద్రలోనైనను దప్పని నియమముగాఁ దలఁచిన దానిని మరల విచారించి, తప్పైనచో దిద్దుకొనుట కష్టము. ఈ రెండవపనియందే శాలల చిత్తశుద్ధి తెలియును.

ఇందు కాక్షేపము లేకపోలేదు. ఒకపరి చెడిన చిత్రము మరల రాదు. విద్యుత్తు ఖర్చు తగ్గినదని యద్వితీయమైన వస్తువు నపాయమునకుఁ ద్రోయుట తగునా యని కొందఱందురు. ఈ యాక్షేపము తేలికగాఁ ద్రోయఁదగినది కాదు. దీనికి సమాధానము ఉత్సర్గాపవాదవ్యవస్థయందుఁ గలదు. విశాలమైన హద్దు సామాన్యవిధి. సున్నితమైన పలకచిత్రములు, దంతపుఁబొదుగుడుపనులు, క్రొత్తగా నతికినవి మున్నగువానికి విశేషవిధి. ఆ విశేషవిధికై భవనమంతటను యంత్రము నడపవలసిన పనిలేదు. గాలిచొరని యద్దపుఁబెట్టెలో నా వస్తువు నుంచి, లోపల సిలికా జెల్ వంటి తేమను బీల్చి విడుచు పదార్థమును బెట్టినచో నా చిన్నచోట నిలుకడ కలుగును. అపవాదమునకై చెప్పవలసినదానిని ఉత్సర్గముగాఁ జెప్పుటయే పూర్వనియమపు దోషము. డెన్మార్కు దేశమున వేయిలె పట్టణమునఁ గట్టిన వస్తుభాండారమున మఱియొక మార్గము చూపిరి. దళసరి గోడలతో, గాలి చొరకుండఁ గట్టి, క్రిందినేలను మాత్రము భూమితో సంబంధపఱచిరి. అందుచే వేఁడిమి ఋతువులతోఁ గూడ మెల్లమెల్లఁగా మాఱును; యంత్రము తేమను దగ్గించు పని మాత్రమే చేయును.

ఇట్టి యుపాయము తెలుఁగువారికిఁ గేవల మపరిచితము కాదు. తంజావూరి సరస్వతీమహలునందును, చెన్నపట్టణపు ప్రాచ్యలిఖితపుస్తకభాండారమునందును, తిరుపతియందును నేఁడు గల తెలుఁగు తాళపత్రగ్రంథములలోఁ బెక్కులు యంత్రము లేని కాలమున నెన్నియో వర్షర్తువులను, గ్రీష్మములను గడపివచ్చినవి. ఆకులకు రెండువైపుల కొయ్యపలకలు, వానిని బిగించు త్రాడు, పైని గుడ్డ, గుడ్డకుఁ బైని పెట్టె. ఒక్కొక్క పొరయు బయటి తేమ లోపలికిఁ జేరుటను నెమ్మదింపఁజేయును. అద్దపుఁబెట్టె చేయు పనియే యిది. అయితే దీనినిబట్టి పూర్వుల పద్ధతియే చాలునని యనరాదు. నిలిచినవి కంటికిఁ గనఁబడును. బూజుచేతను, పురుగులచేతను నశించినవి సాక్ష్యము చెప్పలేవు. తీరదేశమునఁ దేమ 75 పాళ్లను మించు మాసములయందు గాలియాడునట్లు చేయుటయు, ఆకులను దఱచు విప్పి చూచుటయు, నిమ్మగడ్డితైలము పూయుటయు, నవసరమైన చోఁ దేమను దగ్గించు యంత్రము నుంచుటయుఁ గర్తవ్యములు. కాని లండను నగరమున కేర్పడిన 50 పాళ్ల సంఖ్య లేదనుకారణమున నొక గ్రంథాలయము తన్నుఁ దాను హీనముగాఁ దలఁపనక్కఱలేదు; దానిని సాధించుటకై యున్నకొలఁది ధనమును విద్యుత్తునకే వెచ్చించి, కట్టలను విప్పి చూచు మనుష్యుని మానిపించుట యంతకంటెను దగదు.

నియమములు ప్రయోజనముకొఱకుఁ బుట్టును. శీతోష్ణనియమమునకుఁ బ్రయోజనము వస్తురక్షణము. వస్తురక్షణమునకుఁ బ్రయోజనము దానిని జూచి, చదివి, యానందింపఁగల మనుష్యులు ముందుకాలమున నుండుట. ఈ వరుసలోఁ గడపటిదానిని మఱచి మొదటిదానినే పట్టుకొన్నచో శాస్త్రము చెడును. బిజో సంఘపు సంఖ్యలును శాశ్వతములని యెవ్వరును జెప్పరు. వస్తువులయొక్క స్వభావ మింకను దెలిసినకొలఁది యవియు మాఱవచ్చును. ఏ సంఖ్య యెందుకొఱకుఁ బుట్టినదో దానిప్రక్కనే వ్రాసియుంచుట మాత్ర మెన్నఁడును మానరాదు. అట్లు వ్రాసిన టామ్సనుని మాటను జదువరులు విడువకుండినచో, నీ దిద్దుబాటు ముప్పదియేండ్లకు ముందే జరిగియుండెడిది.