నీకొకటి.. నాకొకటి!

'ఎనిమిదిలో సగం ఎంత?' అనడిగితే ఒకటో తరగతి పిల్లాడు తెల్లమొహం వేయొచ్చు. అదే ఎనిమిది చేగోడీలు చేతిలో పెట్టి 'చెల్లీ, నువ్వూ సమానంగా తీసుకోండి' అనండి. 'నీకొకటి.. నాకొకటి' అంటూ నిమిషంలో పంచేస్తాడు. అవతలివాళ్లకు ఒక్కటి ఎక్కువ వెళ్లినా ఊరుకోడు! అంటే లెక్క రాక కాదు, తాను చేసిన పనికే 'సగం' అని పేరని తెలియక. ఆ రెండింటినీ కలపడమే పెద్దవాళ్లు చేయాల్సిన పని.

పంచడం వచ్చు.. కానీ!

నాలుగేళ్ల పిల్లలు కూడా వస్తువుల్ని చక్కగా పంచగలరని ఒలివియర్ ఫ్రిడ్‌మన్, పీటర్ బ్రయంట్ అనే పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అందులోనే ఓ తిరకాసూ బయటపడింది. పంచడమయ్యాక ఒక వాటాలో ఎన్నున్నాయో తెలిసినా, 'మరి రెండో వాటాలో ఎన్ని?' అంటే చాలామంది చెప్పలేకపోయారు. చేతికి తెలిసిన సంగతి అంకెల్లోకి ఇంకా ఎక్కలేదన్నమాట.

ఇంకో చిక్కూ ఉంది. రెండు వరసల్లో సమానంగా గింజలు పేర్చి, ఒక వరసను కాస్త ఎడంగా జరిపితే చిన్నపిల్లలు అందులోనే ఎక్కువున్నాయంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే ఏనాడో గమనించిన విషయమిది. అందుకే పంచిన వాటిని కుప్పగా వదిలేయకుండా, ఎదురెదురుగా జతలుగా పేర్పించాలి. అప్పుడు 'సమానం' కంటికి కనిపిస్తుంది.

ఇలా మొదలెట్టండి

* రెండు పళ్లేలు, కొన్ని చింతపిక్కలు చాలు. ముందు 2, 4, 6.. అవి వచ్చాక 8, 10. ఒక్కోసారి ఒక్కోటే వేయమనండి.

* పంచాక ఒక పళ్లెంలోవే లెక్కపెట్టించండి. రెండోదానిమీద చెయ్యి అడ్డుపెట్టి 'ఇందులో ఎన్ని?' అనడగండి. లెక్కపెట్టకుండా చెప్పారంటే సగం అర్థమైనట్టే.

* వెంటనే 'ఆరులో సగం మూడు' అని వాళ్లతోనే అనిపించండి. రెండు పళ్లేల్లోవీ కలిపేసి 'మూడూ మూడూ ఆరు' అనీ చెప్పించండి. కూడిక, సగం.. ఒకే తలుపుకి రెండు వైపులని తెలుస్తుంది.

* పిక్కలు లేకపోతే వేళ్లున్నాయిగా! రెండు చేతులకీ నాలుగేసి వేళ్లు చూపిస్తే ఎనిమిది. ఒక చెయ్యి దాచేస్తే అందులో సగం.

ఒకటి మిగిలితే?

ఏడు పిక్కలిచ్చి చూడండి. మూడేసి పంచాక ఒకటి మిగిలిపోతుంది. తప్పు చేశామేమోనని పిల్లలు కంగారుపడతారు. అక్కడే 'సరి-బేసి' ఆట పనికొస్తుంది. గుప్పిట్లో పిక్కలు పట్టుకుని 'సరా, బేసా?' అనడిగే ఆట ఇదే కదా! రెండేసి చొప్పున జతలు కట్టి ఏమీ మిగలకపోతే సరి, ఒకటి మిగిలితే బేసి. ఆ మిగిలింది లడ్డూ అయితే విరిచి చెరి సగం తీసుకోవచ్చు. మూడున్నర లడ్డూలు ఒక్కొక్కరికి. అదే గోళీ అయితే కుదరదు. ఏది విరుగుతుందో, ఏది విరగదో పిల్లల్నే చెప్పనివ్వండి.

పెద్ద సగం వద్దు

దోసె తుంచి 'పెద్ద సగం నీకు' అంటుంటారు పెద్దలు. ముద్దుగా అన్నమాటే అయినా పిల్లలకు తికమకే. సగాల్లో చిన్నాపెద్దా ఉండవు. రెండూ సమానమైతేనే సగం. ఎక్కువ పెట్టాలనిపిస్తే 'పెద్ద ముక్క' అంటే సరిపోతుంది.

భాగహారం గుర్తుకీ, ఎక్కాలకీ తొందరలేదు. పిక్కలతో బాగా అలవాటయ్యాక కాగితంమీద చుక్కలు పెట్టి మధ్యలో గీత గీయించండి. ఆ తర్వాతే నోటిలెక్క. ఈ వరస తప్పించి 'పదిలో సగం ఐదు' అని బట్టీ పట్టిస్తే, పన్నెండు అడిగేసరికి పిల్లలు ఆగిపోతారు. లెక్కలంటే భయం మొదలయ్యేదీ అలాంటి చోటే. పంచడం వచ్చిన పిల్లలకు మాత్రం పన్నెండైనా ఒకటే.. నీకొకటి, నాకొకటి!