అమ్మకు సైకిలు నేర్పుదామా?

మీ ఇంట్లో సైకిలు ఉందా? ఉంటే ఒక చిన్న పని చేయండి. దాన్ని తొక్కడం వచ్చిన వాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాయండి. నాన్న పేరు ఉంటుంది. అన్నయ్య పేరు ఉంటుంది. మీ పేరు సరేసరి. మరి అమ్మ పేరో? ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఈ కాగితం రాసే పిల్లల్లో చాలామందికి అక్కడ కలం ఆగిపోతుందని నా అనుమానం.

అడిగితే అమ్మ ఏమంటుందో కూడా మనకు తెలుసు. "ఈ వయసులో నాకెందుకబ్బయా? పడితే నడుం ఇరుగుద్ది. అయ్యన్నీ చిన్నప్పుడే నేర్చుకోవాల."

ఈ జవాబులో రెండు సంగతులున్నాయి. మొదటిది పడతానన్న భయం. అది న్యాయమైనదే, దాని సంగతి తరువాత చూద్దాం. రెండోది, వయసు వచ్చాక సైకిలు రాదన్న నమ్మకం. ఇది పరీక్షకు నిలబడుతుందో లేదో తేల్చడానికి మనకు ప్రయోగశాల అక్కర్లేదు. ఒక పెన్సిలు, ఒక బూజుకర్ర ఉంటే చాలు.

పెన్సిలును అరచేతి మీద నిలువుగా నిలబెట్టి చూడండి. మీరు 'ఒకటి' అనే లోపే పడిపోతుంది. ఇప్పుడు బూజుకర్రను, కుచ్చు పైకి ఉండేట్టుగా, అరచేతిలో నిలబెట్టండి. రెండు మూడుసార్లు పడుతుంది. తరువాత నిలబడుతుంది! చూపు కర్ర కొసమీద ఉంచి, అది ఎటు వాలితే అటు చేతిని జరుపుతూ పోతే, గదంతా తిరగవచ్చు కూడా.

ఇందులో గమనించవలసినవి రెండు. కర్ర కుడికి వాలితే మీ చెయ్యి ఎటు పోయింది? ఎడమకు లాగలేదు. కుడికే పోయింది. వాలుతున్న బరువు కిందికి ఆధారాన్ని జరిపారన్నమాట. ఇక రెండోది, పొడుగు కర్ర ఎందుకు నిలబడింది, పొట్టి పెన్సిలు ఎందుకు నిలబడలేదు? పొడుగైన వస్తువు నెమ్మదిగా పడుతుంది కనుక. పొడవు 10 రెట్లయితే పడడానికి పట్టే సమయం 3 రెట్ల కంటే కాస్త ఎక్కువ అవుతుంది. ఆ వ్యవధిలో చెయ్యి తన పని చేసుకుంటుంది.

సైకిలు మీద కూర్చున్న మనిషి కూడా ఇలాంటి కర్రే. అరచెయ్యి ఉండవలసిన చోట రెండు చక్రాలున్నాయి, అంతే తేడా. చక్రాలు పక్కకు జరగలేవు కదా అంటారా? హ్యాండిల్ ఉన్నది అందుకే. మనిషి కుడికి వాలినప్పుడు హ్యాండిల్ కాస్త కుడికి తిరిగితే, ముందుకు పోతున్న చక్రాలు కుడికి మళ్ళి బరువు కిందికి వచ్చి చేరతాయి. సైకిలు లేచి నిలబడుతుంది. సైకిలు తొక్కడంలోని రహస్యమంతా ఇదే: పడేవైపే తిప్పాలి. కొత్తవాళ్ళు భయంతో రెండోవైపు తిప్పుతారు. చక్రాలు ఎడమకు, మనిషి కుడికి పోయి, మోకాలి చిప్పకు దెబ్బ తగులుతుంది.

ఇప్పుడు చెప్పండి, చిన్న సైకిలు మీది చిన్న పిల్ల త్వరగా ఒరిగిపోతుందా, ఎత్తయిన అమ్మ త్వరగా ఒరిగిపోతుందా? ప్రకృతి నియమం అమ్మ పక్షానే ఉంది! సర్దుకోవడానికి ఆమెకే కాస్త ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. కదలికలను సరిదిద్దే పనిలో ముఖ్యపాత్ర చిన్న మెదడుది. దాన్ని అనుమస్తిష్కం అని మీ జీవశాస్త్రం పుస్తకంలో చదివే ఉంటారు. అది కొత్త పని నేర్చుకోవడం ఏ వయసులోనూ మానదు. పెద్దవాళ్ళకు నాలుగు రోజులు ఎక్కువ పట్టవచ్చు, అంతే.

చక్రాలు బొంగరాల్లా తిరుగుతాయి కనుకనే సైకిలు పడదని చాలా పుస్తకాల్లో రాసి ఉంటుంది. 1970లో డేవిడ్ జోన్స్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని పరీక్షించాడు. ముందు చక్రం పక్కనే దానికి ఎదురు దిక్కుగా తిరిగే మరో చక్రం అమర్చి, బొంగరం ప్రభావాన్ని కొట్టివేశాడు. అయినా ఆ సైకిలును హాయిగా తొక్కగలిగాడు. 2011లో మరికొందరు పరిశోధకులు, బొంగరం ప్రభావం దాదాపు లేకుండా చేసిన ఒక చిన్న బండిని మనిషి లేకుండా తోసి వదిలితే, అది తనంతట తానే నిలబడి పోవడం చూపించారు. వాలినవైపు తనే తిరుగుతుంది కనుక! బొంగరం ప్రభావం కొంత సాయం చేస్తే చేస్తుంది కాని అసలు పని తిప్పడానిదే.

మరి వేగం సంగతి? సైకిలు నెమ్మదిగా పోతున్నప్పుడు హ్యాండిల్ ఎంత తిప్పినా చక్రాలు బరువు కిందికి త్వరగా చేరవు. అందుకే మెల్లగా పోతే వంకరటింకరలు ఎక్కువ. భయపడ్డ వాళ్ళు చేసేది సరిగ్గా అదే. మెల్లగా తొక్కుతారు, తూలుతారు, ఇంకా భయపడతారు. ఈ చిక్కుముడి విప్పడం ఎలా?

దారి 1817లోనే దొరికింది. ఆ సంవత్సరం జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణంలో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి ఎక్కి బయలుదేరాడు. దానికి పెడళ్ళు లేవు, చైను లేదు. రెండు కాళ్ళతో నేలను వెనక్కి తన్నుకుంటూ పోవడమే. సైకిలుకు తాత అదే. పెడళ్ళు వచ్చింది 1860లలో. అంటే మనుషులు ముందు నిలదొక్కుకోవడం నేర్చుకున్నారు, తరువాతే తొక్కడం. మనం అమ్మకు రెండూ ఒకేసారి నేర్పబోయి చెడగొడుతున్నాం.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ముందుగా రెండు పెడళ్ళూ పానాతో విప్పండి. కుడి పెడలు మామూలు మర లాగే ఊడుతుంది. ఎడమ పెడలుకు మర ఎదురుగా ఉంటుంది. మామూలు మరను బిగించే దిక్కుకు తిప్పితేనే అది ఊడుతుంది. తొక్కుతుండగా వదులు కాకుండా ఈ ఏర్పాటు. ఇది తెలియక పానా వంచేసిన వాళ్ళు నాకు తెలుసు. తరువాత సీటు బాగా దించండి. దాని మీద కూర్చుంటే అమ్మ రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. నాన్న తొక్కే ఎత్తు సైకిలు దీనికి పనికిరాదు. అడ్డకడ్డీ లేని ఆడవాళ్ళ సైకిలు మేలు.

సీటు దించితే ఎత్తు తగ్గి త్వరగా పడరా అని మీలో గడుసువాళ్ళు అడగవచ్చు. మంచి ప్రశ్నే. తగ్గే ఎత్తు కొద్దిపాటిదే. దానికి బదులుగా పాదం ఎప్పుడూ నేలకు అందుతుంది కనుక పడడం అన్న మాటే దాదాపు ఉండదు. అమ్మ చెప్పిన మొదటి అభ్యంతరానికి ఇదే సమాధానం.

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరక ముందు, బడి మైదానానికి తీసుకుపోండి. మన మెట్టలో కంపముళ్ళు లేని చోటు చూసుకోవాలి, లేకపోతే పాఠం పంక్చర్ల అంగడిలో ముగుస్తుంది. అమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త ఎగదోపుకొని, కొంగు నడుముకు చుట్టి దోపుకోవాలి. చైనుకు కవరు, వెనక చక్రానికి చీర పడకుండా జాలీ ఉన్నాయో లేదో ముందే చూడండి. సీటు మీద కూర్చుని మొదట నడవాలి. తరువాత పెద్ద అంగలు. ఆ తరువాత రెండు కాళ్ళూ ఎత్తి కొంతదూరం జారిపోవాలి. బ్రేకు పట్టి ఆగడం కూడా ఇప్పుడే నేర్పాలి. చూపు ముందు చక్రం మీద కాదు, ఎదురుగా దూరాన ఉన్న చెట్టు మీద ఉండాలి. బూజుకర్ర కొసను చూశారే, అలాగ.

ఒక్క మాట. సాయం చేస్తున్నామని మీరు హ్యాండిల్ పట్టుకోకండి! పడేవైపు తిరగవలసిన హ్యాండిల్ మీ చేతిలో బిగుసుకుపోతే అమ్మ నేర్చుకునేది ఏమీ ఉండదు. పక్కన నడవండి చాలు. ఎవరైనా నవ్వితే వాళ్ళవైపు చూడకండి.

కాళ్ళెత్తి పదీ పదిహేను మీటర్లు తూలకుండా జారగలిగిన రోజున పెడళ్ళు బిగించండి. కుడి పెడలును గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి, దాని మీద గట్టిగా ఒక్క తొక్కు తొక్కమనండి. ఆ ఒక్క తొక్కు ఇచ్చే వేగమే తూలు లేకుండా చేస్తుంది.

ఇలా పెద్దవయసులో నేర్చుకున్న వాళ్ళెవరైనా ఉన్నారా? అమెరికాలో స్త్రీల హక్కుల కోసం పనిచేసిన ఫ్రాన్సెస్ విల్లార్డ్ 53 ఏళ్ళ వయసులో నేర్చుకుని, ఆ అనుభవం గురించి 1895లో ఒక పుస్తకమే రాసింది. అంత దూరం పోనక్కర్లేదు, మన పొరుగు రాష్ట్రంలోనే చూడవచ్చు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. పలకా బలపం పట్టుకున్న కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు 1992లో ఊళ్ళో సారా అంగడి మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం దాకా పోయింది. ఈ కథ మీ అమ్మమ్మలకు బాగా తెలుసు. ఇంచుమించు అవే రోజుల్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అటువంటి ఉద్యమమే నడిచింది. అక్కడ చదువుతోపాటు సైకిలు కూడా నేర్పారు. జిల్లా కలెక్టరు షీలారాణి చుంకత్ ఈ పనికి అండగా నిలిచి, సైకిళ్ళు కొనుక్కోవడానికి ఆడవాళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించింది. కొద్దికాలంలోనే లక్షమందికి పైగా పల్లెటూరి స్త్రీలు సైకిలు ఎక్కారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశాడు. కూలికి పోయేవాళ్ళు, గనుల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు అందులో ఉన్నారు. వెక్కిరింతలు రాకపోలేదు. అయినా బస్సు కోసం ఎదురుచూడకుండా సరుకు అమ్ముకుని, పిల్లల దగ్గరికి తొందరగా వచ్చేయడం రుచి మరిగినవాళ్ళు సైకిలు దిగలేదు.

ఆడవాళ్ళ సైకిళ్ళు దొరకకపోతే అక్కడివాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. కొందరు తల్లులైతే అవే మేలన్నారు. ఎందుకో ఊహించండి! అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని.

సైకిలు వల్ల మిగిలేది ఎంతో మీరే లెక్కకట్టవచ్చు. ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళు, వెనక దానికి 18 ఉన్నాయనుకోండి. పెడలు ఒక్కసారి తిరిగితే వెనక చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. హెచ్చవేస్తే దాదాపు 5.9 మీటర్లు వస్తుంది. నడిచే మనిషి అంత దూరానికి ఎనిమిది తొమ్మిది అడుగులు వేయాలి. పైగా నడకలో అడుగడుగుకూ ఒళ్ళు పైకి లేచి కిందికి దిగుతుంది, సొంత బరువంతా కాళ్ళే మోస్తాయి. సైకిలు మీద ఆ బరువు సీటు మోస్తుంది. అందుకే చదునైన దారిలో కిలోమీటరు నడవడానికి అయ్యే శక్తిలో సుమారు అయిదో వంతుతో సైకిలు మీద కిలోమీటరు పోవచ్చు. వేగమో, మూడు రెట్లు! నడిచి గంట పట్టే దూరానికి ఇరవై నిమిషాలు చాలు. ఉదయగిరి కొండ దిక్కు ఎత్తు దారుల్లో ఈ లెక్క కొంచెం తప్పుతుంది. అక్కడ దిగి నడిపించుకుపోవడంలో సిగ్గేమీ లేదు, నేనూ దిగుతాను.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016-17 ప్రాంతంలో 'బడికొస్తా' పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు పంచింది. అలాంటి సైకిలు ఇంకా మీ ఇంట్లో ఉంటే, చదువు ముగించి గోడకు ఆనుకుని ఉంటే, పాఠానికి అంతకంటే మంచిది లేదు. ట్యూబుల్లో గాలి, బ్రేకులు, చైనుకు నూనె చూసుకుంటే సరి.

అమ్మకు పూర్తిగా అలవాటయ్యేదాకా చంటిపిల్లను ఎక్కించుకోనివ్వకండి. వెనక బరువు చేరితే హ్యాండిల్ తీరే మారుతుంది. ఒక నెల గడిచాక, మొదట అయిదు కిలోల బియ్యం సంచి క్యారియర్‌కు కట్టి తొక్కి చూడమనండి. ఆ తరువాతే పిల్ల. అప్పుడైనా కాళ్ళు ఆనించుకునే మెట్టు ఉన్న చిన్న సీటు బిగించి, పాదం స్పోకుల్లోకి పోకుండా చక్రానికి జాలీ కట్టించాలి. పుదుక్కోట్టై తల్లులు మెచ్చిన అడ్డకడ్డీ కంటే నాకు ఇదే నయమనిపిస్తుంది.